సవాలు - జవాబు

మన భాషలోనికి ఉర్దూ నుండి వచ్చి స్థిరపడిన మాటలలో 'సవాలు' ఒకటి. ఉర్దూలో సవాల్ అనగా ప్రశ్న. తెలుగునకు వచ్చునప్పటికి దాని యర్థము మారినది. ఎదుటివానిని నిలవేసి, 'చేతనైనచో రమ్ము' అనుటను మనము సవాలు చేయుట యందుము. జవాబు మాత్రము రెండు భాషలలోను జవాబే. దాని నుండియే జవాబుదారీ యను మాట పుట్టినది. శాసనసభలలో సభ్యులు ప్రభుత్వము నడుగు ప్రశ్నల చరిత్రను గూర్చి ముచ్చటింపబూనినప్పుడు మాకు ముందుగా స్ఫురించినవి ఈ మూడు మాటలు. ఏలయన, ఆ చరిత్ర చాలవరకు ఉర్దూ సవాలు తెలుగు సవాలుగా మారిన కథయే.

ఈ యూహ మాకు గ్రంథాలయములో తోచినది కాదు. బహదూర్‌పురాలోని యొక గల్లీలో తోచినది. అచట దర్జీ పని చేసి, కంటిచూపు మందగించిన పిమ్మట మిషను కుమారున కప్పగించిన వృద్ధుడొకడు మాకు చిరకాల పరిచితుడు. మేము ఆయనను చాచా యందుము. ఆయన మమ్ము పంతులుగారు అనును. వారి గల్లీలోని మోరీ ప్రతి వానకాలము పొంగి ఇండ్లలోనికి వచ్చుచుండెను. దానిని గూర్చి ఆయన పదునొకండు అర్జీలు పెట్టుకొనెను. ఏ కార్యాలయమునకో చెప్ప నక్కరలేదు. ప్రతి యర్జీకి ఒక నకలు వ్రాయించి రేకుపెట్టెలో దాచుకొనెను. కొన్ని ఉర్దూలో, కొన్ని తెలుగులో, ఒకటి ఇంగ్లీషులో. రెండింటిపై మాత్రము 'ముట్టినది' అని ముద్ర యున్నది. తక్కినవానికి ఆ భాగ్యమును లేదు.

ఒకనాటి సాయంకాలము శాసనసభ వార్తలు విని ఆయన మమ్ము అడిగెను: "పంతులుగారూ, అర్జీకి జవాబ్ రాదు. అసెంబ్లీల సవాల్ అడిగితె జవాబ్ వస్తదంటరు. రెండూ కాయితాలే గద! ఫరక్ ఏంది?"

అప్పుడు మేము చెప్పిన సమాధానము సంతృప్తికరముగా లేదు. ఈ వ్యాసము ఆ లోటు తీర్చుకొనుటకే.

నిజాముల కాలమున అర్జీ వ్రాయుట యొక విద్య. కచేరీల ముంగిట చాప పరచుకొని కూర్చుండి, రుసుము గైకొని వ్రాసిపెట్టు అర్జీనవీసులుండిరి. ముందు ప్రభువుల బిరుదావళి, తరువాత అర్జీదారుని దైన్యము, ఆపైన కోరిక, తుదిని దీవెన. ఈ క్రమము తప్పరాదు. ఆ రచనలో ఎంతటి సొగసున్నను, దాని ప్రాణమంతయు ఒక్క భావనపై నిలిచియున్నది: ఇచ్చుట దయ, ఈయకుండుట తప్పు కాదు. అర్జీ పెట్టినవానికి జవాబు నడుగు హక్కు లేదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను పాలనలో 1893లో హైదరాబాదు సంస్థానమున శాసననిర్మాణ సభ యొకటి ఏర్పడినను, అందు ప్రజలెన్నుకొన్న ప్రతినిధులకు తావు లేకపోయెను. బహదూర్‌పురా వాసులకు అప్పుడును అర్జీయే గతి.

ప్రశ్న యను పద్ధతికి పుట్టినిల్లు లండను నగరము. 1721 ఫిబ్రవరిలో ప్రభువుల సభలో కౌపర్ ప్రభువు అడిగినదే మొదటి ప్రశ్నయని చరిత్రకారులందురు. దక్షిణ సముద్రపు కంపెనీ వాటాల ధర కుప్పకూలి దేశమంతయు గగ్గోలు పడుచున్న దినములవి. కంపెనీ కోశాధికారి రాబర్టు నైట్ దేశము విడిచి పారిపోయెను. అతడు పట్టుబడినాడను మాట నిజమేనా యని కౌపర్ ప్రభువు ప్రభుత్వము నడిగెను. మొదటి ప్రశ్నయే డబ్బు లెక్కలు తెలిసినవాడు ఎక్కడ నున్నాడనుట! ఆ ధోరణి నేటికిని మారలేదు. 1835 నుండి కామన్సు సభలో ప్రశ్నలను ముందుగా అచ్చువేయు పద్ధతి వచ్చినది. ప్రశ్నలు పెరిగి సభాకాలమును మ్రింగివేయుచుండుటచే 1902లో మరియొక యేర్పాటు చేసిరి. నోటిమాటగా జవాబు కోరువారు తమ ప్రశ్నపై చుక్క గుర్తు పెట్టవలెను; చుక్క లేనివానికి జవాబు వ్రాసి అచ్చువేయుదురు. మన శాసనసభలలో నేడు వినవచ్చు నక్షత్రపు గుర్తుగల ప్రశ్న, గుర్తులేని ప్రశ్న అను భేదమునకు మూలమిదియే.

భారతదేశమునకు ఆ పద్ధతి ఒక్కుమ్మడిగా రాలేదు. బొట్టుబొట్టుగా వచ్చినది. 1861 నాటి చట్టముచే ఏర్పడిన సభలలో సభ్యులకు ప్రశ్న వేయు అధికారమే లేదు. బిల్లు వచ్చినచో మాటలాడవచ్చును. లేనిచో ఇంటికి పోవలెను. 1892 నాటి చట్టము ప్రశ్నకు తలుపు ఓరగా తెరచినది. ఆరు దినముల ముందు వ్రాసి యీయవలెను. సమాచారము కోరుటయే గాని వాదము చేయరాదు. జవాబు వచ్చిన పిమ్మట దానిపై చర్చ లేదు, మరియొక ప్రశ్న లేదు. అధ్యక్షునకు నచ్చనిచో ప్రశ్నయే లేదు. మదరాసు సభలో రాజమహేంద్రవరపు న్యాయవాది న్యాపతి సుబ్బారావు పంతులు వంటివారు ఈ సంకెలలతోనే పనిచేయవలసివచ్చెను.

అనుబంధ ప్రశ్న లేని ప్రశ్న యెట్టిదో కొంచెము యోచింపుడు. 'కాలువ మరమ్మతు జరిగినదా?' అని సభ్యుడు అడుగును. 'ప్రభుత్వము ఆ విషయమును పరిశీలించుచున్నది' అని కార్యదర్శి చదువును. 'ఎప్పటినుండి?' అను మాట సభ్యుని నాలుక చివరనే నిలిచిపోవును. ఆ ఒక్క మాట పలుకు స్వేచ్ఛ 1909 నాటి మింటో-మార్లే సంస్కరణములతో వచ్చినది. అదియు మొదటి ప్రశ్న వేసిన సభ్యునికే. తక్కినవారు వినవలసినదే. 1919 చట్టము తరువాత గాని ఏ సభ్యుడైనను లేచి అనుబంధ ప్రశ్న వేయు నవకాశము కలుగలేదు. 'ఎప్పటినుండి' అని యడుగుటకు మనవారికి దాదాపు ముప్పది యేండ్లు పట్టినది.

ఆ 1919 చట్టముతో వచ్చిన ద్వంద్వ ప్రభుత్వమును ఇచట కొంత తీరికగా పరిశీలింపవలెను. మన ప్రసంగమునకు అదియే కీలకము. ఢిల్లీ ప్రభుత్వము చేతిలోని అధికారములను కొన్ని రాష్ట్రములకు దించుచు 1920లో నియమములు చేయబడినవి. ఆ వచ్చిన వానిని మరల రెండుగా చీల్చిరి. విద్య, స్థానిక స్వపరిపాలనము, ప్రజారోగ్యము మొదలగునవి మంత్రుల వశమైనవి. మంత్రులు సభకు బాధ్యులు. పోలీసు, భూమిశిస్తు, నీటిపారుదల మాత్రము గవర్నరును, ఆయన కార్యనిర్వాహక సభ్యులును తమ చేతనే యుంచుకొనిరి. వారిని సభ తొలగింపజాలదు. మదరాసు రాష్ట్రపు కొత్త శాసనసభ 1921 జనవరి 12వ తేదీన కన్నాట్ డ్యూకు చేతులమీదుగా ప్రారంభమైనది. ఆ యేడే పానగల్లు రాజాగారు ప్రధానమంత్రి యైరి. మన తెలుగువాడే అందలమెక్కినాడన్న సంతోషము సర్కారు జిల్లాలలో సహజము. కాని డెల్టా రైతునకు నిత్యము పనిబడునవి మూడు: శిస్తు, కాలువనీరు, పోలీసు. మూడును మంత్రిగారి చేతిలో లేనివే!

మరి సభ్యుడు చేయగలిగినదేమి? పద్దును త్రోసివేయవచ్చును, గవర్నరు ధ్రువీకరణము చేసి దానిని మరల నిలువబెట్టగలడు. తీర్మానము నెగ్గింపవచ్చును, అది సిఫారసు మాత్రమే. ప్రశ్న విషయములో నిట్లు కాదు. దానిని అంగీకరింపకుండ ఆపవచ్చును గాని, అంగీకరించి అచ్చువేసిన పిమ్మట కార్యనిర్వాహక సభ్యుడైనను సభలో లేచి జవాబు చెప్పవలసినదే. సభ వోటు ప్రవేశింపలేని గదిలోనికి సభ్యుని ప్రశ్న ప్రవేశించినది. 1920ల చివర కృష్ణా గోదావరి డెల్టాలలో శిస్తు పెంపుపై ఆందోళన చెలరేగినప్పుడు, ఆ శాఖను సభ అదలింపలేకపోయినను, ఏ లెక్క ప్రకారము పెంచుచున్నారో అడుగు హక్కు మాత్రము సభ్యుల చేతిలో నుండెను. చేతిలో కత్తి లేనివాడు కొలబద్ద పట్టుకొనుట వంటిది ఇది. మా మట్టుకు మాకు, ద్వంద్వ ప్రభుత్వపు పదునారేండ్లలో మనవారు నేర్చిన విద్యలలో ఇదియే మిగుల విలువైనదిగా తోచును.

ఇక మూసీకి వత్తము. పోలీసు చర్య, విలీనము జరిగిన పిమ్మట 1952లో హైదరాబాదు రాష్ట్రమున వయోజనులందరు వోటువేసి 175 మంది సభ్యులను ఎన్నుకొనిరి. బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రి, కాశీనాథరావు వైద్యగారు సభాపతి. ఈ ప్రభుత్వమునకును ఒక పగ్గము కలదు. రాజ్యాంగములో ఆనాటి 371వ యధికరణము ప్రకారము 'బి' తరగతి రాష్ట్రముల ప్రభుత్వములు పదేండ్లపాటు రాష్ట్రపతి సాధారణ నియంత్రణమునకు లోబడవలెను. అనగా ప్రజలచే నెన్నుకొనబడిన ప్రభుత్వమే గాని, పైనుండి ఆదేశము వచ్చినచో శిరసావహింపవలసిన ప్రభుత్వము. మదరాసులో నేర్చిన పాఠము ఇచట మరల అక్కరకు వచ్చినది.

ఆ సభ కూర్చున్నది బాగెఆంలోని టౌన్‌హాలు భవనమున. ఆ తోటలోనే జంతుప్రదర్శనశాల యుండెడిది. అచటి జంతువులే తరువాత బహదూర్‌పురాకు తరలినవి. మీరాలం చెరువు ప్రక్కన 380 ఎకరములలో నెహ్రూ జంతుప్రదర్శనశాలగా 1963 అక్టోబరు 6వ తేదీన అది ప్రజలకు తెరువబడినది. చాచాతో ఈ సంగతి చెప్పగా ఆయన నవ్వి, "షేర్ మా దిక్కు వచ్చింది, సవాల్ అక్కడనే ఉన్నది" అనెను. మోరీ పొంగు గల్లీవాసికి ఆపాటి చమత్కారము చెల్లును.

హైదరాబాదు శాసనసభ చర్చల సంపుటములను తెరచి చూచినవారికి ముందుగా కనబడునది లిపుల సందడి. ఒకరు తెలుగులో, ఒకరు ఉర్దూలో, మరియొకరు మరాఠీలోనో కన్నడములోనో ఇంగ్లీషులోనో మాటలాడిన వన్నియు ఆయా లిపులలోనే అచ్చయినవి. ప్రతిపక్షమున ప్రజాస్వామ్య ఫ్రంటు నాయకుడు వి. డి. దేశ్‌పాండేగారు. ఆ పక్షమువారిలో పలువురు తెలంగాణా సాయుధ పోరాటమునుండి వచ్చినవారు. నిన్నటిదాక ప్రభుత్వముతో వేరు భాషలో మాటలాడినవారు. వారు ఎంతమంది నిర్బంధములో నున్నారు, ఎంతమంది కౌలుదారులు బేదఖలైరి అని లెక్కలడుగు పద్ధతికి వచ్చుట సామాన్యమైన మార్పు కాదు. కాంగ్రెసు పక్షమున మన షాలిబండ నుండి ఎన్నికైన మాసూమా బేగంగారుండిరి. 1960లో ఆమె ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గమున చేరి అడుగువారి వరుసనుండి చెప్పువారి వరుసకు మారినారు.

సభ ఏర్పడిన ఆరు నెలలకే, 1952 సెప్టెంబరులో, ముల్కీ యాందోళనము వచ్చినది. 3, 4 తేదీలలో నగరములో పోలీసు కాల్పులు జరిగి ప్రాణనష్టము కలిగినది. సిటీ కాలేజీ బహదూర్‌పురాకు దూరము కాదు. ఆ తుపాకి మ్రోత తమ పెద్దలు విన్నారని చెప్పువారు ఈ వాడలలో నున్నారు. ప్రభుత్వము జస్టిస్ పింగళి జగన్మోహనరెడ్డిగారిచే విచారణ జరిపించినది. ఆనాడు వీధిలో 'గైర్ ముల్కీ గో బ్యాక్' అను నినాదము. దాని వెనుకనున్న ప్రశ్న యొక్కటే: ఏ శాఖలో ఎందరు స్థానికులు, ఎందరు స్థానికేతరులు, వారిని నియమించిన దెవరు? నినాదమునకు లాఠీ జవాబు కావచ్చును. సంఖ్య నడిగినవానికి సంఖ్యయే జవాబు కావలెను. వీధిలోని కోపము సభలోని సంఖ్యగా మారుటకు ఎంత ఆలస్యమైన అంత రక్తము ఒలుకునని ఆ సెప్టెంబరు మాసము మాకు తోపించును.

ఇచట ప్రశ్న యొక్క కట్టుబాటు కొంత చెప్పవలెను. శాసనసభ ప్రశ్న ఏకవాక్యమే గాని అవయవములు కలది. 'అ) ఫలానా విషయము వాస్తవమేనా, ఆ) అయినచో వివరములేమి, ఇ) ఎప్పటిలోగా పని పూర్తియగును?' ఇట్లు సాగును. అందు వాదము పనికిరాదు, వ్యంగ్యము పనికిరాదు, నింద పనికిరాదు, ఊహాగానము పనికిరాదు. న్యాయస్థానమున నున్న విషయము రాకూడదు. ఈ నిషేధములు చూచి ప్రశ్న కోరలు పీకిన పాము అనుకొనువారు పొరబడుదురు. వ్యంగ్యము తీసివేయగా మిగిలిన ప్రశ్నకు తప్పించుకొను దారి తక్కువ. కోపముతో నడిగినవానికి మంత్రి కోపముతో జవాబు చెప్పి కూర్చుండవచ్చును. తేదీ యడిగినవానికి తేదీ చెప్పవలెను.

జవాబులలోను ఒక శాస్త్రము కలదు. అన్నిటికంటె పొట్టిది 'అవునండి'. అన్నిటికంటె గడుసుది 'ప్రశ్న ఉత్పన్నము కాదు'. సభ్యుడు 'అ' భాగములో ఒక్క మాట తప్పుగా వ్రాసినచో, దానికి 'లేదండి' అని చెప్పి, తక్కిన భాగములకన్నిటికి 'ప్రశ్న ఉత్పన్నము కాదు' అని మంత్రి ముగింపవచ్చును. మోరీ పొంగినది నిజమే. కాని ప్రశ్నలో గల్లీ పేరు తప్పుపడినది. కనుక మోరీ పొంగనే లేదు! ప్రశ్నలు వ్రాయుటలో ఆరితేరిన సభ్యులు అందుచేతనే మొదటి భాగమును మిక్కిలి చిన్నదిగా, కాదనరానిదిగా వ్రాయుదురు. మూడవ తరగతి జవాబు 'సమాచారము సేకరింపబడుచున్నది' అనునది. అది నిజమే కావచ్చును. కాని సేకరణము ముగియకముందే సభ రద్దయినచో ఆ ప్రశ్నయు దానితో పోవును. ఇట్టి వాగ్దానములను వెంటాడుటకే లోకసభలో 1953లో ప్రభుత్వ హామీల సంఘము నేర్పాటు చేసిరి. రాష్ట్ర సభలును ఆ దారి త్రొక్కినవి.

నక్షత్రపు గుర్తుగల ప్రశ్నకే పత్రికలలోను రేడియోలోను పేరు. మంత్రి తడబాటు, సభ్యుల నవ్వులు వినుటకు రుచిగా నుండును. గుర్తులేని ప్రశ్నకు వ్రాసి యిచ్చిన జవాబు ఎవరికిని వినబడదు. అయినను మా పక్షపాతము దానివైపే. నోటిమాటగా జవాబు రావలసిన ప్రశ్నలలో గంట ముగియునప్పటికి కొన్నియే తేలును. వ్రాత జవాబు అట్లు కాదు. జిల్లాలవారీగా, సంవత్సరములవారీగా, రూపాయలవారీగా పట్టిక వచ్చును. అది మంత్రి పేర వెలువడును. రెండేండ్ల తరువాత మరియొక సభ్యుడు మరియొక పట్టిక తెప్పించి దాని ప్రక్కన పెట్టినచో, ఏమి జరిగినదో ఏమి జరుగలేదో ఎవరును చెప్పనక్కరలేకయే తెలియును. 2020 సెప్టెంబరులో అంటువ్యాధి కారణమున పార్లమెంటులో ప్రశ్నోత్తరముల గంటను తీసివేసినప్పుడును గుర్తులేని ప్రశ్నలకు వ్రాత జవాబులు ఆగలేదు. మాట మూగవోయిన ఆ దినములలో నిలిచినది కాగితము.

వ్రాత ప్రశ్నకు గల హద్దు తెలియవలెనన్న తెలంగాణా మిగులు నిధుల కథ చూడవలెను. 1956 ఫిబ్రవరి 20వ తేదీనాటి పెద్దమనుషుల ఒడంబడికలో తెలంగాణా మిగులు ఆదాయమును తెలంగాణాలోనే ఖర్చుపెట్టవలెనని యుండెను. ఆ నవంబరున ఆంధ్రప్రదేశ్ అవతరించినది. 1958లో తెలంగాణా ప్రాంతీయ సంఘము ఏర్పడినది. అటుపిమ్మట ప్రజల నోటను, ప్రతినిధుల నోటను నానిన ప్రశ్న ఒక్కటే: మిగులు ఎంత? రెండు మాటల ప్రశ్న. దానికి అందరు ఒప్పుకొను జవాబు పండ్రెండేండ్లకును రాలేదు. 1969లో విద్యార్థులు వీధికెక్కిన పిమ్మట కుమార్ లలిత్ సంఘము లెక్క చూచి 34.10 కోట్ల రూపాయలు అనెను. అదే యేడు నియమింపబడిన జస్టిస్ భార్గవ సంఘము 28.34 కోట్లు అనెను. ఏ పద్దును ఏ ప్రాంతమునకు వ్రాయవలెనో ముందే నిర్ణయించుకొననిచో ఇద్దరు నిజాయితీపరులు కూర్చున్నను రెండు జవాబులు వచ్చును. ప్రశ్న పదునుగా నుండుట చాలదు. లెక్క పుస్తకము అడుగువానికి అర్థమగునట్లుండవలెను.

అయినను చిన్న ప్రశ్న పెద్ద కుర్చీని కదల్చిన సందర్భములు లేకపోలేదు. 1957లో జీవిత బీమా సంస్థ ముంద్రా యను వ్యాపారి కంపెనీల వాటాలను సుమారు 1 కోటి 24 లక్షల రూపాయలకు కొనినది. ఆ యేడే లోకసభలో డాక్టరు రాంసుభగ్ సింగు దానిని గూర్చి ప్రశ్న వేసినారు. వచ్చిన జవాబులు పొసగకపోవుటచే ఫిరోజు గాంధీ డిసెంబరులో చర్చ లేవనెత్తినారు. ఇరువురును పాలక పక్షమువారే యనుట గమనింపదగినది. చాగ్లా విచారణ సంఘము కూర్చున్నది. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి. టి. కృష్ణమాచారి రాజీనామా చేసిరి.

ప్రశ్న సరియైన గుమ్మము ముందు వేయవలెననుట మరియొక చిక్కు. 1921లో ఉత్తర ఐర్లండునకు వేరు పార్లమెంటు నిచ్చిన పిమ్మట, అచటికి బదలాయించిన విషయములపై లండను సభలో ప్రశ్నలు వేయరాదని 1923లో కామన్సు స్పీకరు నిర్ణయించెను. న్యాయముగానే తోచును. కాని బెల్‌ఫాస్టు సభలో ఒకే పక్షము యాభై యేండ్లు తిష్ఠవేసినది. ఇండ్ల కేటాయింపులో, ఉద్యోగములలో అన్యాయము జరిగినదని మొరపెట్టు అల్పసంఖ్యాకులకు ఇచట అడిగిన వినువారు లేరు, అచట అడుగుటకు వీలు లేదు. అధికారమును క్రిందికి దించుటతోనే జవాబుదారీ దానివెంట దిగిరాదు.

మనకును అదే నియమము. కేంద్రమునకు సంబంధింపని విషయమును లోకసభ అంగీకరింపదు. బహదూర్‌పురా మోరీని గూర్చి హైదరాబాదు పార్లమెంటు సభ్యుడు ఢిల్లీలో అడుగజాలడు; ప్రజారోగ్యము, నీరు, పురపాలనము రాష్ట్రపు పట్టికలోనివి. అడుగవలసినవాడు శాసనసభ్యుడు. నియోజకవర్గముల పునర్విభజన పిమ్మట 2009 ఎన్నికలనుండి బహదూర్‌పురా తన పేరనే నియోజకవర్గమైనది. 2014 తరువాత ఆ ప్రశ్న తెలంగాణా శాసనసభకు చేరినది. కాని మోరీ ఎవరిది? నగరపాలక సంస్థదా, 1989లో ఏర్పడిన జలమండలిదా? వానకాలువ ఒకరిది, మురుగుకాలువ ఒకరిది యగుచో, రెండును కలసి ఇంటిలోనికి వచ్చునప్పుడు అవి ఎవరివో గుర్తించుట గృహస్థునకు కష్టము! ఇట్టిచోట శాసనసభ ప్రశ్నకు గల మేలేమన, రెండు సంస్థలకును పైనున్న మంత్రి యొక్కడే. ఈ ఫైలు మాది కాదు అనుటకు ఆయనకు ప్రక్కగది లేదు.

ప్రశ్న అమ్ముడుపోవుటయు కలదు. 2005 డిసెంబరులో ప్రశ్నలు వేయుటకు సొమ్ము పుచ్చుకొనినందుకు పదునొకండుగురు పార్లమెంటు సభ్యులు బహిష్కరింపబడిరి. విలువలేని వస్తువునకు ఎవడును లంచమీయడని మేము దానిలో ఒక వక్రమైన సాక్ష్యమును చూతుము. అదే 2005లో సమాచార హక్కు చట్టము వచ్చినది. శాసనసభకు నిరాకరింపరాని సమాచారమును ఏ పౌరునకును నిరాకరింపరాదని అందొక వాక్యముండెను. సభ్యుని యంతస్తునకు సామాన్యుని ఎత్తిన వాక్యమది. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ఆ నిబంధనను సవరించినప్పుడు ఆ వాక్యమును తొలగించినది. గల్లీలోని మనిషికిని సభలోని సభ్యునికిని నడుమ మరల ఒక మెట్టు పెరిగినది. కనుక సభ్యుని ప్రశ్నకు బాధ్యతయు పెరిగినది.

ఇంత చెప్పుకొనిన పిమ్మట చాచా వద్దకు మరల పోయితిమి. రేకుపెట్టె తెరచి, పదునొకండు అర్జీలను ముందు పరచుకొని, వాని నుండి ఒక ప్రశ్న తయారుచేయ బూనితిమి. దానిని తమ సభ్యుని యింటికి తానే తీసికొని పోవుదునని ఆయన అనెను. ఆయన దుఃఖమంతయు తీసివేయవలసివచ్చినది. మనుమరాలి జ్వరము పోయినది, తడిసిన బట్టల బేళ్లు పోయినవి, 'హుజూర్' పోయినది. మిగిలినది గల్లీ పేరు, గొట్టము కొలత, పని మంజూరైన తేదీ, మంజూరైన మొత్తము. ఆయన చాలసేపు ఊరకుండి, "గింతేనా?" అనెను. ఇంతేయంటిమి.

అప్పుడు మొదటి పంక్తి చదివి వినిపించితిమి: 'గౌరవనీయులైన మంత్రివర్యులు ఈ క్రింది విషయములు దయతో తెలియజేయుదురా?' చాచా చెయ్యెత్తి ఆపెను.

"దయ అంటున్నరు. గిది మల్ల అర్జీయే గద!"

అది సభామర్యాద యని, అందరును అట్లే వ్రాయుదురని చెప్పితిమి. ఆయన కొంచెము యోచించి, సరే ఉండనిండు అని, కళ్ళద్దములు సవరించుకొని, 'ఇ' భాగమున 'ఎప్పుడు' అన్నచోట వ్రేలు పెట్టి, అచట 'ఏ తేదీలోగా' అని దిద్దించెను.